తుఫాను, వరద, గ్యాస్ లీకు, సైరన్: గోదావరి డెల్టా పట్టణాలవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా జూలైలో భద్రాచలం నీటిమట్టం వార్తల్లోకి ఎక్కగానే ఒకే తరహా ఫోన్లు మొదలవుతాయి. అక్టోబర్‌లో వాయుగుండం మాట వినపడగానే మళ్లీ అవే. కాకినాడ నుంచి, అమలాపురం నుంచి, పాలకొల్లు నుంచి, భీమవరం నుంచి అడిగేవాళ్లు మారుతుంటారు, సందేహాలు మాత్రం మారవు. అందుకే వాటన్నిటినీ ఒకచోట చేర్చాను. ప్రశ్నలను జనం అడిగిన మాటల్లోనే ఉంచాను. మీకు కావలసినదాన్ని నేరుగా చదువుకోవచ్చు.

## ఏ ముప్పూ లేని రోజుల్లో

అన్నిటికీ సిద్ధపడాలంటే టెన్షన్ వస్తోంది. అసలు మన ప్రాంతానికి ఏవి ముఖ్యం?

ఏ ముప్పు ఎంత వ్యవధి ఇస్తుందో చూసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. తుఫాను రెండు మూడు రోజుల ముందే కబురు పంపుతుంది. గోదావరి వరద దాదాపు ఒక రోజు ఇస్తుంది. కుండపోత వానకు మురుగు కాలువలు పొంగితే చేతిలో ఉండేవి గంటలే. గ్యాస్ పైపులైను, ఫ్యాక్టరీ లీకు, ఊళ్లో గొడవ అసలు వ్యవధి ఇవ్వవు. వ్యవధి ఇచ్చేవాటికి సామాన్లు, దారి సిద్ధం చేసుకోవాలి. ఇవ్వనివాటికి ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి, అప్పుడు వెతుక్కునే సమయం ఉండదు. మన దగ్గర ప్రాణాలు పోయేది ఎక్కువగా కబురు అందక కాదు. అందిన కబురును "చూద్దాంలే" అని పక్కన పెట్టడం వల్ల.

మాది టౌన్లో మూడో అంతస్తు. నీళ్లు ఇంట్లోకి రావు కదా, మాకెందుకు?

నీళ్లు మీ ఇంట్లోకి రాకపోయినా సెల్లార్లోకి వస్తాయి. మోటారు, సంపు, జనరేటరు, లిఫ్టు ప్యానెల్ చాలా అపార్ట్‌మెంట్లలో అక్కడే ఉంటాయి. సెల్లారు మునిగితే కుళాయి ఆగుతుంది, లిఫ్టు ఆగుతుంది, సంపులో మురుగు కలుస్తుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను కొట్టినప్పుడు డాబా ఇళ్లు నిలబడ్డాయి. కానీ కరెంటు, ఫోను సిగ్నలు, పెట్రోలు, ఏటీఎంలు లేక నగరం రోజుల తరబడి అల్లాడింది. మీ అసోసియేషన్ మీటింగులో ఒక్క పనికి పట్టుబట్టండి: స్టార్టరు, ప్యానెల్ బోర్డులు సెల్లార్లోంచి పైకి మార్చాలి. బిల్డింగుకు రంగులు వేయించడం వచ్చే ఏడాదైనా చేయొచ్చు.

ఇంట్లో ఎన్ని రోజుల సరుకు ఉంచాలి? ఏమేం?

కనీసం మూడు రోజులకు. వారానికి ఉంటే ధైర్యంగా ఉండొచ్చు. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున లెక్క వేసుకోండి. నలుగురున్న ఇంటికి మూడు రోజులకు దాదాపు 50 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు మూడు చాలు. కడుక్కోవడానికి, బాత్రూముకు వేరే నీళ్లు కావాలి. తుఫాను కబురు రాగానే డ్రమ్ములు, బిందెలు, బకెట్లు అన్నీ నింపేయండి.

తిండి విషయంలో మనవాళ్లకు బయటివాళ్లు చెప్పాల్సిన పని లేదు. అటుకులు, మరమరాలు, వేరుశనగ పప్పు, బెల్లం, ఖర్జూరం, జంతికలు, సున్నుండలు పొయ్యి అక్కర్లేకుండా తినగలిగేవి. ఆవకాయ జాడీ ఉండనే ఉంటుంది. గ్యాస్ సిలిండరు రెండోది నిండుగా ఉంచుకోండి. పసిపిల్లలుంటే పాలపొడి మరిచిపోవద్దు. ఛార్జింగ్ లైటు, పవర్‌బ్యాంకు, బ్యాటరీతో నడిచే చిన్న రేడియో, అగ్గిపెట్టెలు ఒకే సంచిలో, ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉండాలి.

పొలం కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు ఎలా కాపాడుకోవాలి?

ఒరిజినల్స్ జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవరును మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టి ఎత్తుగా ఉంచండి. ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు, మార్కుల జాబితాల వంటివి డిజిలాకర్లో పెట్టుకోవచ్చు. పట్టాలు, దస్తావేజులు ఫొటోలు తీసి వేరే ఊళ్లో ఉన్న నమ్మకమైన బంధువుకు పంపండి. ఇల్లు, బండి, టీవీ, ఫ్రిజ్ ఇప్పుడు ఎలా ఉన్నాయో కూడా ఫొటోలు తీసి ఉంచండి. నష్టం లెక్క వేసే రోజున అవే ఆధారం.

నోట్లు ఇంట్లో పెట్టుకోవాలా? అంతా ఫోన్‌పేలోనే ఉంది.

కరెంటు, నెట్ లేకపోతే ఫోన్‌పేతో పాలప్యాకెట్ కూడా రాదు. వారం ఖర్చుకు సరిపడా చిల్లర నోట్లు ఉంచండి. ఐదు వందల నోటుకు ఆ రోజు ఎవరి దగ్గరా చిల్లర ఉండదు.

కొనుక్కునే సామాన్లు సరే. నేర్చుకోవాల్సినవి ఏమిటి?

ఇవి డబ్బు పెట్టి కొనలేనివి, అందుకే నాకు ఎక్కువ ముఖ్యం.

మొదటిది ఈత. ఎటు చూసినా కాలువలూ చెరువులూ ఉన్న చోట పెరిగి, ఈత రాని పిల్లలు ఇప్పుడు టౌన్లలో బోలెడంతమంది. ఈత వచ్చినా వరద నీటిలో దూకి ఎవరినీ కాపాడలేమన్నది కూడా దాంతోపాటే నేర్పాలి. మూత బిగించిన ఖాళీ వాటర్ క్యానుకు తాడు కట్టి విసరడం సరైన పద్ధతి. గట్టు మీద పడుకుని గెడ కర్ర అందించడం ఇంకొకటి.

రెండోది సీపీఆర్. స్పృహ లేదు, ఊపిరి ఆడటం లేదు అంటే 108కు ఫోన్ చేయించి, ఛాతీ మధ్యలో చేతులు ఒకదానిమీద ఒకటి వేసి నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతున. నీళ్లలో మునిగినవాళ్లకు నోటితో ఊపిరి ఇవ్వడం కూడా తప్పనిసరి, 30 నొక్కులకు రెండు ఊపిరుల చొప్పున. కడుపు మీద నొక్కి నీళ్లు కక్కించడం, తలకిందులుగా వేలాడదీయడం ఇప్పటికీ చేస్తున్నారు. దయచేసి ఆపండి. ఆ నిమిషాల్లోనే ప్రాణం పోతుంది.

మూడోది మీ ఇంటి మెయిన్ ఎక్కడుందో, ఎలా ఆపాలో ఇంట్లో పదేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ తెలియడం. ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్) ఉంటే దాని టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడండి. లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పెట్టించండి. నాలుగోది రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పది నిమిషాలు వదలకుండా పట్టుకోవడం. మధ్యమధ్యలో తీసి చూస్తే మళ్లీ మొదటికొస్తుంది.

ఇంట్లో మంచం పట్టిన మామ్మ ఉంది. మేం ఏం చేయాలి?

అందరికంటే ఒక మెట్టు ముందు కదలాలి. వీధిలో వాళ్లు ఆలోచిస్తున్నప్పటికే మీరు బయల్దేరి ఉండాలి. ఆవిడను మోయడానికి గట్టి ప్లాస్టిక్ కుర్చీ, నలుగురు మనుషులు కావాలి. ఆ నలుగురు ఎవరో ఇవాళే మాట్లాడి పెట్టుకోండి. బీపీ, షుగరు, మూర్ఛ మాత్రలు రెండు వారాలకు సరిపడా ఉంచి, ప్రిస్క్రిప్షన్ ఫొటో ఫోన్లో పెట్టుకోండి. వాడుతున్న ఇన్సులిన్ ఫ్రిజ్ లేకపోయినా నీడలో, చల్లగా ఉంటే సాధారణంగా నాలుగు వారాలు పనిచేస్తుంది. తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో, నీళ్లు తగలకుండా డబ్బాలో పెట్టి ఉంచండి.

డయాలసిస్ చేయించుకునేవాళ్లు, ఆక్సిజన్ మిషను మీద ఉన్నవాళ్లు తుఫాను కబురు తెలియగానే ఆసుపత్రి ఉన్న ఊరికి వెళ్లిపోవాలి. నెలలు నిండిన గర్భిణులు కూడా అంతే. "నొప్పులు వస్తే చూద్దాం" అనుకుంటే, ఆ రాత్రి అంబులెన్సుకు దారి ఉండదు.

ఇంటి చుట్టూ చూసుకోవాల్సినవి?

కదిలే ప్రతిదీ గాలికి ఆయుధం అవుతుంది. మేడ మీద రేకులు, పూలకుండీలు, డిష్ యాంటెన్నా, సోలార్ ప్యానెల్ బోల్టులు చూసుకోండి. ఇంటి మీదికి వాలిన కొబ్బరిచెట్టు, ఎండిన మట్టలు జూన్‌కు ముందే తీయించాలి. వీధి మురుగు కాలువలో పూడిక తీయమని వార్డు సచివాలయంలో అర్జీ ఇవ్వాల్సింది కూడా వానలకు ముందే.

## హెచ్చరిక వచ్చాక

భద్రాచలంలో మూడో ప్రమాద హెచ్చరిక అంటున్నారు. మాకెంత టైముంది?

భద్రాచలంలో 43 అడుగులకు మొదటి, 48కి రెండో, 53కి మూడో హెచ్చరిక ఇస్తారు. అక్కడి నీరు ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు. ఈ లోపల దారిలో శబరి నీరు కూడా కలుస్తుంది. కాబట్టి భద్రాచలంలో మూడోది ఎగరేశారంటే లంకల్లో ఉన్నవాళ్లకు ఒక పగలు చేతిలో ఉన్నట్టు లెక్క. రాత్రి దాన్ని వాడుకోలేం. 1986 ఆగస్టులో అక్కడ 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. రెండుసార్లూ దిగువన డెల్టా ఎంత ఇబ్బంది పడిందో పెద్దవాళ్లను అడిగితే మీ వీధిలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడ చూపించి చెబుతారు. ఆ గుర్తు మీకు ఏ మ్యాపూ ఇవ్వదు.

ధవళేశ్వరం దగ్గర అడుగులు, లక్షల క్యూసెక్కులు అంటారు. మాకు అర్థమయ్యేలా చెప్పండి.

క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. ధవళేశ్వరంలోని కాటన్ బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక. అప్పుడు సుమారు పది లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి వదులుతారు. 13.75 అడుగులకు రెండోది, సుమారు 13 లక్షలు. 17.75కి మూడోది, సుమారు 17 లక్షలు. బ్యారేజీ నీటిని నిల్వ పెట్టే డ్యాము కాదు. వచ్చింది వచ్చినట్టే గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల్లోకి పోతుంది. అంటే "గేట్లు ఎత్తేశారు" అని విని గాభరా పడాల్సిన పని లేదు. వచ్చే నీరు ఎంత అన్నదే అసలు విషయం. 2022లో దాదాపు 26 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, 1986లో దాదాపు 35 లక్షలు.

మొదటి హెచ్చరికకే లంక దారులు, కాజ్‌వేలు మునగడం మొదలవుతుంది. రెండోదానికి లంకల్లోంచి మనుషులు, పశువులు బయటికి వచ్చేసి ఉండాలి. మూడోది దాటితే ఏటిగట్టుకు లోపల ఉన్న ఊళ్లవాళ్లు కూడా గట్టు మీద కన్నేసి ఉంచాలి. యానాం పుదుచ్చేరి పరిధిలోది కాబట్టి అక్కడివాళ్లు తమ అధికారుల ప్రకటనలు వేరుగా వినాలి. నీరు మాత్రం అదే గౌతమిది.

ఏటిగట్టు తెగబోతోందని ముందే తెలుస్తుందా?

చాలాసార్లు తెలుస్తుంది. గట్టుకు ఊరివైపు అడుగున నీరు ఊరుతుంటే రంగు చూడండి. తేటగా ఊరితే కాపలా కాస్తే చాలు. బురదగా వస్తోందంటే లోపలి మట్టి కొట్టుకొస్తోందని అర్థం. వెంటనే ఇరిగేషన్ సిబ్బందికి, రాష్ట్ర కంట్రోల్ రూమ్ 1070కి చెప్పాలి. చాలామంది ఆ ఊట నోరు మూసేయడానికి మట్టి కుమ్మరిస్తారు. అలా మూస్తే ఇంకోచోట తన్నుకొస్తుంది. ఊట చుట్టూ ఇసుక బస్తాలు వలయంగా పేర్చి, లోపల నీళ్లు కొంత ఎత్తు నిలిచేలా చేస్తే ఒత్తిడి తగ్గుతుంది. ఎలుక బొరియలు, గట్టు మీద కొత్తగా పడిన నెర్రెలు, గట్టు వాలుకు పేర్చిన రివిట్‌మెంటు రాళ్లు జారడం కూడా చెప్పాల్సినవే.

తుఫాను మచిలీపట్నం దగ్గర దాటుతుందట. మాది అమలాపురం వైపు, మాకేం కాదు కదా?

ఈ ఒక్క అపోహ చాలా చేటు చేస్తుంది. మన తీరానికి వచ్చే తుఫాను అపసవ్య దిశలో తిరుగుతుంది. అది పడమరకు కదులుతూ తీరం దాటితే, దాటిన చోటికి ఉత్తరాన గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది. ఉప్పెన వచ్చేది ఆ వైపే. దక్షిణాన గాలి నేల మీంచి సముద్రంలోకి పోతుంది. కాబట్టి మచిలీపట్నం దగ్గర దాటితే కోనసీమ తీరం చెడ్డవైపున ఉన్నట్టు. అంతర్వేది, నరసాపురం దగ్గర దాటితే కాకినాడ, ఉప్పాడ చెడ్డవైపున. 2025 అక్టోబర్ 28 అర్ధరాత్రి వేళ మొంథా తుఫాను నరసాపురం దగ్గరే దాటింది. దానికి తోడు అమావాస్య, పౌర్ణమి పోట్లు కలిస్తే కాలువలు, డ్రెయిన్ల నీరు సముద్రంలోకి దిగదు, వెనక్కి ఎగదన్నుతుంది. వాన ఆగాక కూడా భీమవరం వైపు వీధుల్లో నీళ్లు నిలవడానికి ఇదొక కారణం.

కాకినాడ పోర్టులో పదో నంబరు ఎగరేశారంటే ఏమిటి?

ఒకటి, రెండు నంబర్లు దూరంగా సముద్రంలో ఏదో ఏర్పడిందని. మూడు, నాలుగు ఆ ఓడరేవుకే వాతావరణం చెడబోతోందని. ఐదు, ఆరు, ఏడు ప్రమాదం. ఎనిమిది, తొమ్మిది, పది పెను ప్రమాదం. పదకొండు అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగాయని. ఇవి ఓడలకు, పడవలకు ఉద్దేశించినవి. ఇంట్లో ఉన్నవాళ్లు వాతావరణ శాఖ రంగులు, అంటే ఎల్లో, ఆరెంజ్, రెడ్ చూసుకుంటే సరిపోతుంది.

షెల్టర్‌కి వెళ్తే ఇల్లు దొంగల పాలవుతుంది. ఒకళ్లం ఉండిపోతే?

బంగారం, కాగితాలు మీతో వస్తాయి. మిగిలిన సామాను కోసం మనిషిని వదలొద్దు. 1996 నవంబర్ 6 రాత్రి కోనసీమ మీద పడిన తుఫానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఎన్నో ఇళ్లు కూలాయి, కొబ్బరిచెట్లు కూకటివేళ్లతో పడ్డాయి. కబురు వచ్చినా ఆ తీవ్రతను ఎవరూ ఊహించలేదు. పాక, రేకుల ఇల్లు, పెంకుటిల్లు అయితే ఆలోచించకుండా వెళ్లండి. గట్టి డాబా, తీరానికి దూరం, పల్లం కాదు అంటే ఉండొచ్చు. వెళ్లేది వెలుగు ఉండగా, దారి పొడిగా ఉండగా. వీధిలో అందరూ కలిసి వెళ్తే దొంగతనాల బెడద తగ్గుతుంది. వెళ్లేటప్పుడు మెయిన్, గ్యాస్ రెగ్యులేటరు ఆపడం, పక్కింటివాళ్లకు ఎక్కడికి వెళ్తున్నారో చెప్పడం మరవొద్దు.

గేదెలు, కుక్క సంగతేంటి?

కట్టుతాళ్లు విప్పేయండి. కట్టేసిన పశువు నిలబడిన చోటే మునిగిపోతుంది. వీలుంటే ముందురోజే మెరకకు తోలండి. పెంపుడు కుక్కను తీసుకెళ్లే చోటు ముందే అడిగి పెట్టుకోండి, షెల్టర్లలో రానివ్వకపోవచ్చు.

వాట్సాప్‌లో "గట్టు తెగింది, సునామీ వస్తోంది" అని వస్తోంది. నమ్మాలా?

సమయం, తేదీ, ఊరి పేరు లేని మెసేజ్‌ను పంపొద్దు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వారి సచేత్ యాప్ పెట్టుకుంటే మీ జిల్లా హెచ్చరికలు తెలుగులోనే వస్తాయి. అనుమానం ఉంటే 1070కి గానీ, జిల్లా కంట్రోల్ రూమ్ 1077కి గానీ చేయండి. పుకారు విని అర్ధరాత్రి పిల్లలతో రోడ్డెక్కి ప్రమాదాల్లో పడినవాళ్లున్నారు.

## జరుగుతుండగా

గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. బయటికి రావచ్చా?

వద్దు. తుఫాను కన్ను మీ మీదుగా వెళ్తోందేమో. కొన్ని నిమిషాల నుంచి అరగంట, ఇంకా ఎక్కువసేపు కూడా నిశ్శబ్దంగా ఉంటుంది. తర్వాత గాలి ఎదుటి దిక్కు నుంచి, అంతే జోరుగా కొడుతుంది. మొదటి గాలికి ఒరిగిన చెట్లు, గోడలు అప్పుడు పడతాయి. రేడియోలో తీరం దాటి బలహీనపడిందని చెప్పేదాకా కిటికీలు లేని లోపలి గదిలో ఉండండి.

ఇంట్లోకి నీళ్లు వచ్చేస్తున్నాయి. మొదట ఏం చేయాలి?

మెయిన్ ఆపండి. నీళ్లు స్విచ్‌బోర్డు దాకా వచ్చేశాకైతే దాన్ని ముట్టుకోవద్దు, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి లైన్ ఆపించండి. తర్వాత మనుషులు పైకి, మందులు, తాగునీరు పైకి. ఫ్రిజ్, సోఫా చివర్న. మేడ మెట్లు బయటివైపు ఉన్న ఇళ్లలో పెద్దవాళ్లను నీళ్లు మోకాలి దాకా రాకముందే పైకి చేర్చాలి.

రోడ్డు మీద కొంచెమే నీరు పారుతోంది. బండి మీద దాటేయొచ్చా?

పారే నీరు మోకాలి లోతుకు రాకముందే మనిషిని పడేస్తుంది. ఒక అడుగు నీరు చిన్న కారును తేల్చగలదు, రెండడుగుల ప్రవాహం చాలా వాహనాలను తోసుకుపోతుంది. లోతు పైనుంచి కనపడదు, కింద రోడ్డు కోసుకుపోయి ఉండొచ్చు. కనకాయలంక, ఎదురుబిడియం లాంటి కాజ్‌వేలు మునిగాక పడవ వచ్చేదాకా ఆగాల్సిందే. పడవ ఎక్కితే లైఫ్‌జాకెట్ అడగండి. ఎక్కువమంది ఎక్కితే దిగిపోండి.

మా ఊరి పక్కనే గ్యాస్ పైపులైను, ఓఎన్‌జీసీ బావులు. ఏదైనా జరిగితే?

కృష్ణా గోదావరి బేసిన్‌లో ఉన్నవాళ్లందరికీ ఇది తెలియాలి. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి బ్లోఅవుట్ అయి, అంటే గ్యాస్ అదుపు తప్పి పైకి తన్నుకొచ్చి, 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గెయిల్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వాళ్లలో చాలామంది ఇళ్లలో నిద్రలో ఉన్నవాళ్లు.

వంట సిలిండర్ గ్యాసుకు వాసన కలుపుతారు. పెద్ద పైపులైన్లలో పోయే గ్యాసుకు వాసన ఉంటుందని నమ్ముకోవద్దు. బుసబుసమనే చప్పుడు, నేల మీద తెల్లటి పొగమంచు లాంటిది, నీటిలో బుడగలు, కారణం లేకుండా ఎండిన గడ్డి కనపడితే అది లీకు కావొచ్చు. అక్కడ అగ్గిపుల్ల, స్విచ్, బండి స్టార్టింగ్ ఏదీ వద్దు. ఫోన్ కూడా దూరం వెళ్లాకే. నడిచే పొండి, గాలికి అడ్డంగా లేదా ఎదురుగా. గాలి ఎటో తెలియకపోతే కండువా అంచు ఎగరేసి చూడండి. పైపులైను దారి వెంట ఉండే మార్కర్ల మీద ఎమర్జెన్సీ నంబరు రాసి ఉంటుంది. దాన్ని ఇవాళే ఫోన్లో ఎక్కించుకోండి. ఇంట్లో సిలిండర్ లీకైతే రెగ్యులేటర్ ఆపి, తలుపులు తెరిచి, బయటికొచ్చి 1906కు చేయండి.

వీధి చివర ఐసు ఫ్యాక్టరీ ఉంది. ఘాటు వాసన వస్తే?

ఐసు ఫ్యాక్టరీలు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో చల్లదనానికి ఎక్కువగా అమ్మోనియా వాడతారు. ఘాటు పట్టుకోగానే నోటికి, ముక్కుకు బాగా తడిపిన గుడ్డ కట్టి గాలికి అడ్డంగా దూరం పోవాలి. పోలేకపోతే తలుపులు, కిటికీలు మూసి సందుల్లో తడిగుడ్డలు కుక్కండి. కళ్లు మండితే పావుగంట పాటు ధారగా నీళ్లతో కడగాలి. ఆ గాలిలో పరిగెత్తితే ఎక్కువ పీలుస్తాం, వడివడిగా నడవండి.

యుద్ధ సైరన్ మోగితే ఏం చేయాలి? మన దాకా వస్తుందా?

వచ్చిన రోజుంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. 2025 మే 7న దేశమంతటా జరిపిన మాక్ డ్రిల్‌లో విశాఖ కూడా ఉంది. సైరన్ ఎక్కుతూ దిగుతూ మోగితే ప్రమాదం, ఒకే స్థాయిలో సాగితే ముప్పు తొలగినట్టు. ప్రమాద సైరన్ వినగానే కింది అంతస్తులో, అద్దాలకు దూరంగా, లోపలి గోడ పక్కన కూర్చోండి. రాత్రయితే లైట్లన్నీ ఆర్పేయాలి. పోర్టు, ఆయిల్ ట్యాంకుల దగ్గర ఇళ్లున్నవాళ్లు అధికారులు చెప్పిన దారినే వెళ్లాలి. మేడ ఎక్కి వీడియోలు తీయొద్దు.

ఊళ్లో గొడవలయ్యాయి, నెట్ కట్ చేశారు. ఇంట్లోవాళ్లు తలో చోట ఉన్నారు.

2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగి, ఆ తర్వాత కొన్ని రోజులు ఇంటర్నెట్ ఆపేసినప్పుడు చాలా ఇళ్లు ఇదే అవస్థ పడ్డాయి. నెట్ ఆపినా మామూలు కాల్స్, ఎస్సెమ్మెస్‌లు సాధారణంగా నడుస్తాయి, అందుకని ముఖ్యమైన నంబర్లు కాగితం మీద కూడా ఉండాలి. ఎవరు ఎక్కడ ఉంటే అక్కడే ఆగి, గొడవ సద్దుమణిగాక బస్టాండు, సెంటర్లు తప్పించుకుని సందుల గుండా ఇంటికి చేరాలి. గుంపు కనపడితే చూడటానికి నిలబడొద్దు. నిలబడినవాళ్లు కేసుల్లోనూ ఇరుక్కుంటారు, దెబ్బలూ తింటారు. 144 అని మనం పిలిచే ఆంక్షలు ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 163 సెక్షన్ కింద పెడుతున్నారు. అప్పుడు గుంపులుగా తిరగకూడదు. ఆసుపత్రికి వెళ్లాలంటే కాగితాలు పట్టుకుని, 112కు చెప్పి కదలండి. పక్కింటివాళ్లు ఏ కులం, ఏ పార్టీ అయినా ఆ వారం పాలూ మందులూ పంచుకోవాల్సింది వాళ్లతోనే.

## నీళ్లు తీశాక

కరెంటు ఎప్పుడు వేసుకోవచ్చు?

గోడల తడి ఆరి, ఎలక్ట్రీషియన్ చూసి సరేనన్నాక. తుఫాను వెలిసిన మరుసటి రోజు తెగిన తీగలు తొక్కి చనిపోయేవాళ్లు ఉంటారు. అది తలచుకుంటేనే బాధ. తెగిన తీగ చచ్చిందని ఎప్పుడూ అనుకోవద్దు, పది మీటర్ల దూరం ఉండి 1912కు చెప్పండి. జనరేటరు ఆరుబయటే నడపాలి. సెల్లార్లో, వరండాలో నడిపితే వచ్చే పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

తాగే నీళ్లు ఎలా? మాకు బోరుంది.

బోరు గానీ బావి గానీ మునిగితే క్లోరినేషన్ చేయించి పరీక్షించేదాకా తాగొద్దు. నీళ్లను గుడ్డతో వడకట్టి, తెర్లేలా మరిగించి, ఆపైన ఒక నిమిషం ఉంచితే క్రిములు పోతాయి. క్లోరిన్ బిళ్లలు సచివాలయంలో, ఏఎన్‌ఎం దగ్గర అడగండి. కవరు మీద రాసిన లెక్క ప్రకారం వేసి అరగంట ఆగాలి. ఉప్పెన నీరు కలిసిన బావిలో ఉప్పు, పొలాల్లోంచి వచ్చిన పురుగుమందు మరిగించినా పోవు. అక్కడ ట్యాంకర్ నీళ్లే దిక్కు.

ఇంట్లో పాము దూరింది. కరిస్తే కట్టు కట్టాలా?

గట్టిగా కట్టు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్రబద్ద ఆనించి, మనిషిని నడిపించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో విరుగుడు మందు ఉచితం. కట్లపాము కాటు ఒక్కోసారి నొప్పి కూడా ఉండదు. నేల మీద పడుకున్న మనిషి తెల్లవారేసరికి కడుపునొప్పి అన్నా, కనురెప్పలు వాలినా అనుమానించాలి. శుభ్రం చేసేటప్పుడు బూట్లు వేసుకోండి, సామాన్లను ముందు కర్రతో కదపండి.

విరేచనాలు, జ్వరాలు మొదలయ్యాయి.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి తాగించండి. చిన్న టీ చెంచాతో, తలగొట్టి కొలవాలి. వరద నీటిలో తిరిగాక వారం పది రోజుల్లో జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం ఉంటే లెప్టోస్పైరోసిస్ కావొచ్చు. ఎలుకల మూత్రం కలిసిన నీటితో వస్తుంది. డాక్టరుకు నీళ్లలో తిరిగామని తప్పక చెప్పండి.

నష్టపరిహారం రావాలంటే?

శుభ్రం చేయకముందే ఫొటోలు, వీడియోలు తీయండి. గోడ మీద నీటి మరక కనపడాలి. నష్టం లెక్క రాసుకోవడానికి (ఎన్యూమరేషన్‌కు) సిబ్బంది వచ్చేటప్పుడు ఇంట్లో ఒకరు ఉండండి. జాబితాను సచివాలయంలో పెట్టినప్పుడు పేరు చూసుకుని, లేకపోతే గడువులోగా అర్జీ ఇచ్చి రశీదు తీసుకోండి. కౌలు రైతులైతే ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వ పంట నమోదులో, పేరు ఉండాలి. నీట మునిగిన కారును స్టార్ట్ చేయొద్దు. ఇంజన్ పాడైతే బీమా కంపెనీ ఆ ఖర్చు ఇవ్వకపోవచ్చు.

వాన పడితే చాలు, పిల్లలు ఏడుస్తున్నారు.

కొన్ని వారాలు అలా ఉండటం సహజం. ఏం జరిగిందో వాళ్లను చెప్పనివ్వండి, టీవీలో అవే దృశ్యాలు మళ్లీ మళ్లీ చూపించొద్దు. ఇంటి తయారీలో చిన్న పని అప్పగించండి. టార్చి ఛార్జింగ్ చూసే బాధ్యత ఎనిమిదేళ్ల పిల్లకు ఇవ్వొచ్చు. నెల దాటినా నిద్రపోకపోతే, పక్క తడుపుతుంటే డాక్టరుకు చూపించండి.

మేం హైదరాబాద్‌లో ఉంటాం. ఊరికి ఏం పంపాలి?

పాత బట్టలు పంపొద్దు, బడి వరండాల్లో గుట్టలుగా పడి కుళ్లిపోతాయి. ముందు ఊళ్లో ఒకరికి ఫోన్ చేసి ఏం తక్కువైందో అడగండి. సాధారణంగా టార్పాలిన్లు, దోమతెరలు, కొత్త లోదుస్తులు, శానిటరీ ప్యాడ్లు, ఓఆర్‌ఎస్, ఛార్జింగ్ లైట్లు, బ్లీచింగ్, ఫినాయిలు కావలసి వస్తాయి. మొదటి మూడు రోజులు అందరూ పులిహోర పొట్లాలు తెస్తారు. పదో రోజుకు ఎవరూ రారు, మీరు అప్పుడు వెళ్లండి. చేతికి డబ్బు ఇవ్వగలిగితే అదే మంచిది. ఏం కొనుక్కోవాలో వాళ్లకు తెలుసు, దాంతో ఊళ్లో కొట్లు కూడా మళ్లీ తెరుచుకుంటాయి.